కిటికీ అవతలి తరగతి

మా పల్లెలో మగవాళ్ళకు బైబిలు చెప్పింది నేను. ఈ మాట మొదట్లోనే రాసిపెడుతున్నాను. ఎందుకంటే మా సంఘం పాత సంగతులు ఎవరు ఎక్కడ చెప్పినా, ఆ యుద్ధకాలం దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకుని ముందుకు దూకేస్తారు. పంతులు పట్టాళానికి పోయినప్పుడు పెద్దలే తరగతులు నడిపించారంటారు. పెద్దలు నడిపించలేదు. పెద్దలు కిటికీ కింద కూర్చుని విన్నారు. చదివి చెప్పిన నోరు నాది. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు కూడా నిండలేదు.

గురజాల నుంచి మాచర్ల పోయే దారిలో ఒక ఊరికి పడమటగా ఉండేది మా పల్లె. ఊరు వేరు, పల్లె వేరు, మధ్యలో బండ్లబాట. ఆ బాట పక్కనే మా గుడి. చర్చిని మేం గుడి అనే అంటాం. నాపరాళ్ళు పేర్చిన గోడలు, పైన రెల్లు కప్పు. బాటవైపు ఒక పెద్ద కిటికీ ఉండేది, ఊచలు లేనిది. దాని కింద గోడ పొడుగునా నాపరాయి అరుగు. వేపకొమ్మకు వేలాడదీసిన రైలు పట్టా ముక్కే మా గంట.

వారానికొకసారి అక్కడ బైబిలు తరగతి జరిగేది. ఇది ఆదివారం పొద్దుటి ఆరాధన కాదు. ఆరాధనలో ఒకరు చెబుతారు, మిగతావాళ్ళు వింటారు, కునికేవాళ్ళు కునుకుతారు. తరగతిలో ఆ పప్పులుడకవు. చదవాలి, అప్పజెప్పాలి, అడిగితే నోరు విప్పి చెప్పాలి. చంటిపిల్లల దగ్గర్నుంచి పళ్ళూడిన ముసలివాళ్ళ దాకా అందరూ రావలసిందే. గుడి నాలుగు మూలల్లో నాలుగు గుంపులు. చిన్నపిల్లలకు గోడకు తగిలించే రంగుబొమ్మల చుట్ట ఉండేది. ఇంకో మూల పెళ్ళికాని ఆడపిల్లలు, మరో మూల పెళ్ళయిన ఆడవాళ్ళు. ముందువైపు గాలి తగిలే మూల మగవాళ్ళది. నాలుగు మూలలూ ఒక్కసారే వల్లె వేస్తుంటే బాట మీద పోయే ఎడ్లు చెవులు రిక్కించేవి. ఒక్క నియమం మాత్రం అందరికీ ఒకటే: పాఠం మొదలయ్యాక మధ్యలో ఎవరూ లేవకూడదు. ఏడ్చే బిడ్డను కూడా తల్లి కూర్చునే ఊరుకోబెట్టాలి.

వెనక ఈ తరగతి బుధవారం సాయంత్రం దీపం పెట్టుకుని జరిగేదట. యుద్ధం వచ్చి కిరసనాయిలు కరువయ్యాక ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక అన్నారు. ఎండాకాలం ఆ వేళకు నాపరాళ్ళు పెనంలా కాలేవి. అయినా జనం వచ్చేవాళ్ళు. వారమంతా పరాయి చేలో వాళ్ళు చెప్పినట్టు వంగి పనిచేసే మనుషులకు, కూర్చుని తమ నోటితో తాము ఏదో చెప్పగలగడం చిన్న సంగతి కాదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు.

నేను నరసరావుపేటలో మిషను హాస్టల్లో ఉండి చదువుకున్నాను. పంతులమ్మ ట్రైనింగులో ఉండగా నాన్న పోయాడు. తమ్ముళ్ళు చిన్నవాళ్ళు, అమ్మ ఒక్కతే మిరపతోటలకు పోయేది. చదువు మధ్యలో ఆపి ఇంటికొచ్చాను. అప్పుడు నా కోపం ఎవరి మీద చూపించాలో తెలిసేది కాదు. చేలో కలుపు తీస్తున్నా పళ్ళు కొరుక్కుంటూనే తీసేదాన్ని.

నేనొచ్చిన కొన్నాళ్ళకే మా బడి పంతులుగారు పట్టాళంలో గుమాస్తాగా చేరి రైలెక్కి వెళ్ళిపోయారు. బడీ ఆయనదే, బైబిలు తరగతీ ఆయనదే. పాస్టరుగారికి, అంటే మేం అయ్యగారు అని పిలిచే ఆయనకి, చుట్టుపక్కల చాలా పల్లెలుండేవి. సైకిలు మీద తిరుగుతూ నెలకొకసారి మాకు దర్శనమిచ్చేవారు. ఇక తరగతి భారం సంఘపెద్ద మీద పడింది.

సంఘపెద్ద మా నాన్నకు వరసకు అన్న, నాకు పెదనాయన. ఎత్తయిన మనిషి, మాట తక్కువ, పంతం ఎక్కువ. నాగులేరు అవతల బంజరులో రాళ్ళేరి ఒక చెక్క సాగులోకి తెచ్చుకున్నాడు, పల్లెలో సొంత భూమి అన్నది ఆయనకే ఉంది. అందుకే ఆయన మాటకు బరువు. కానీ చదువు అంతంత మాత్రం. తనకు కంఠతా వచ్చిన చోటునే పుస్తకం తెరిచి చదువుతున్నట్టు చెప్పేవాడు. కంఠతా వచ్చింది తప్పిపోయిన కొడుకు కథ ఒక్కటే. ఆ కొడుకు ప్రతి ఆదివారం తప్పిపోయేవాడు, ప్రతి ఆదివారం ఇంటికి తిరిగొచ్చేవాడు. కొన్నాళ్ళకు ముసలమ్మలే విసుక్కున్నారు, ఆ పిల్లాణ్ణి ఇక ఇంట్లో ఉండనియ్యమని.

ఆడవాళ్ళంతా కలిసి నన్ను చెప్పమన్నారు. పిల్లలకు, ఆడవాళ్ళకు అయితే సరేనన్నారు మగవాళ్ళు. తమ మూలకు మాత్రం రావద్దన్నారు. ఆడది సంఘంలో నోరు మూసుకుని ఉండాలని గ్రంథంలోనే ఉందన్నాడు పెదనాయన. ఎక్కడుందో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. అడిగితే పేజీ తీసి చూపించేదాన్ని కూడా. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఒళ్ళు మాత్రం మండిపోయింది. నాలుగు ముక్కలు చదివిన పిల్ల కదా అని మిరపకాయలు కోసేటప్పుడు ఎవరూ నన్ను ఆపలేదు, ఆ ముక్కలు పైకి చదివేసరికి అడ్డొచ్చారు.

నేను చెప్పడం మొదలుపెట్టిన వారం మగవాళ్ళు అలిగి తరగతికే రాలేదు. రెండో వారం వచ్చారు గాని లోపలికి రాలేదు. కిటికీ కింది అరుగు మీద గోడకు వీపులానించి, బాటవైపు మొహాలు పెట్టుకుని కూర్చున్నారు. ఏందిక్కడ కూచున్నారని ఎవరన్నా అడిగితే గాలికి కూచున్నామన్నారు. ఎండ దంచి కొడుతోంది, ఆకు కదలడం లేదు. నేను లోపల కిటికీ పక్కన పీట వేసుకుని ఆడవాళ్ళకు గట్టిగా చదివాను. ఆ రోజు బయట ఒక్కరూ చుట్ట ముట్టించలేదు.

అలా మొదలైంది. ఎవరూ ఏర్పాటు చేయలేదు, ఎవరూ ఒప్పుకోలేదు, కానీ ప్రతి ఆదివారం అదే తంతు. అరుగు మీద వీపుల వరస పెరిగింది. వాళ్ళు నా దగ్గర పాఠం వినడం లేదు, గాలికి కూర్చుంటే చెవిన పడుతోంది, అంతే. నెమ్మదిగా దగ్గులతో ఒక భాష తయారైంది. పెదనాయన ఒకసారి దగ్గితే ఆ ముక్క మళ్ళీ చదవాలని. ఎవరన్నా గొంతు గీరితే నెమ్మదిగా చదవమని. తరగతి అయ్యాక లేచి దులుపుకుని, నా మొహం వైపు చూడకుండా ఇళ్ళకు పోయేవాళ్ళు.

దగ్గుతో ప్రశ్న అడగడం కుదరదు కదా. అందుకు మా నాయనమ్మ పనికొచ్చింది. ఆమె లోపలికీ బయటికీ మధ్య గడప మీద కూర్చునేది. బయటి నుంచి పెదనాయన అడిగేవాడు, ఆ రాజు కన్నకొడుకు మీదికే ఈటె ఎందుకు విసిరాడో కనుక్కో పిన్నమ్మా అని. నాయనమ్మ నా వైపు తిరిగి అదే మాట అనేది. నేను జవాబు చెప్పేదాన్ని. నా గొంతు కిటికీలోంచి వాళ్ళకు శుభ్రంగా వినబడుతుంది. అయినా నాయనమ్మ అటు తిరిగి మళ్ళీ చెప్పేదాకా విననట్టే కూర్చునేవాళ్ళు. ఆమె ఊరికే చెప్పేది కాదు. బుద్ధి లేక చేశాడంటరా, నీ మాదిరే, అని తన ముక్క ఒకటి తగిలించేది. లోపల ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు.

నవ్వులాటగానే ఉండేది గాని, నా కోపం మాత్రం చల్లారలేదు. చెప్పబోయే పాఠం ముందురోజు రాత్రి నుంచీ మనసులో తిప్పుకుని, ఎక్కడ ఆపాలో ఎక్కడ అడగాలో ఆలోచించుకుని వస్తే, నాకు దొరికేది వీపులు. మొహం చూడకుండా పాఠం చెప్పడమంటే ఏమిటో చెప్పినవాళ్ళకే తెలుస్తుంది. అర్థమైందో లేదో తెలియదు, నమ్మారో లేదో తెలియదు.

ఏడాది చివర పరీక్ష వచ్చింది. అయ్యగారు వచ్చి నాలుగు మూలలూ తిరిగి ప్రశ్నలడిగారు. ఆ ఒక్క రోజూ మగవాళ్ళు లోపలికొచ్చి తమ మూలలో కూర్చున్నారు. అడిగినవన్నీ చెప్పారు. రాజుల వరస చెప్పారు, ప్రవక్తల మాటలు చెప్పారు, ఎవరు ఎవర్ని ఎందుకు మోసం చేశారో చెప్పారు. నేను ఎక్కడ గొంతు పెంచేదాన్నో అక్కడ వాళ్ళూ పెంచారు. అయ్యగారు ఆశ్చర్యపోయి, పంతులు లేకుండా ఇంత ఎట్లా నేర్చుకున్నారు, ఎవరు చెప్పారు మీకు అని అడిగారు.

మగవాళ్ళు నేల చూపులు చూశారు. పెదనాయన, "మాలో మేమే కూచుని నేర్చుకున్నాం అయ్యగారూ" అన్నాడు.

ఆడవాళ్ళ మూలలో నేను నిలబడే ఉన్నాను. అయ్యగారు సంతోషపడి, అయితే వచ్చే నెల నుంచి గుడి మొత్తం తరగతులు పెద్దగారే చూసుకోవాలన్నారు. ఆడపిల్ల ఇన్నాళ్ళు పిల్లల్నీ ఆడవాళ్ళనీ చూసింది, ఇక చాలన్నారు. మా అమ్మ వైపు తిరిగి, శావల్యాపురం దగ్గర ఒక మంచి సంబంధం ఉంది, పిల్లకు ఈడు వచ్చింది కదా అన్నారు. అమ్మ తలూపింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూశాను. ఒక్కరూ నా వైపు చూడలేదు.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. అమ్మ బతిమాలింది, పోనీలే, నీకేం తక్కువైందని. తరగతిని నా చేతుల్లోంచి లాక్కుని బదులుగా ఇచ్చే మొగుడు నాకక్కర్లేదన్నాను. చానా మాటలు నేర్చావని అమ్మ మొహం తిప్పుకుంది. నాయనమ్మ గడపలో కూర్చుని పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ అంతా వింది. చివరికి, "గోడెనక కూచుని చెప్పినన్నాళ్ళూ గోడే చెప్పిందంటారే. నువ్వెందుకు కూచున్నావక్కడ?" అంది.

ఆ మాటకు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. జాలితో కాదు, కోపంతోనే.

తరువాతి ఆదివారం గంట కొట్టాక ఎప్పటిలాగే ఆడవాళ్ళు లోపల, మగవాళ్ళు అరుగు మీద. నేను పీట ఒక చేత, బైబిలు ఒక చేత పట్టుకుని గడప దగ్గరికి వెళ్ళాను. నాయనమ్మ ఏమీ అడక్కుండా మోకాళ్ళు పక్కకు జరుపుకుని దారిచ్చింది. బయటికొచ్చి అరుగుకూ బండ్లబాటకూ మధ్య ఎండలో పీట వేసుకుని, వాళ్ళకెదురుగా కూర్చున్నాను. లోపలున్న ఆడవాళ్ళంతా కిటికీ దగ్గర మూగారు.

మగవాళ్ళు బిగుసుకుపోయారు. లేచి పోదామని ప్రతివాడికీ ఉంది. కానీ ముందు లేచినవాడు, ఇన్నాళ్ళూ ఈ పిల్ల చెబితేనే విన్నానని ఒప్పుకున్నట్టే. గాలికి కూర్చున్న మనిషి ఎదురుగా ఎవరో వచ్చి కూర్చుంటే గాలి వదులుకుని పోనక్కర్లేదు కదా. వాళ్ళ పంతమే వాళ్ళని అరుగుకు అతికించింది. నాకది ముందే తెలుసు, తెలిసే వచ్చాను.

పెదనాయన నా తల మీదుగా ఎటో చూస్తూ, "పిన్నమ్మా, ఆ పిల్లని లోపలికి పొమ్మను" అన్నాడు.

"ఎదురుగ్గానే ఉందిగా. నువ్వే చెప్పు" అంది నాయనమ్మ.

చెప్పాలంటే నాతో మాట్లాడాలి. ఏడాది పైన నాతో ఒక్క మాట మాట్లాడని మనిషి. నేను పుస్తకం తెరిచాను.

ఆ రోజు పాఠం కావాలనే ఎంచుకున్నాను. కొడుకులు లేకుండా చనిపోయిన ఒక తండ్రి, అతని కూతుళ్ళు. ఆ అక్కచెల్లెళ్ళు గుడారం వాకిట పెద్దలందరి ముందూ, జనమంతటి ముందూ నిలబడి, కొడుకులు లేనంత మాత్రాన మా నాయన పేరు ఎందుకు చెరిగిపోవాలి, మా భాగం మాకివ్వండి అని అడుగుతారు. వాళ్ళడిగింది న్యాయమేనని దేవుడే తీర్పు చెబుతాడు. మా పెదనాయనకు ముగ్గురూ ఆడపిల్లలే. బంజరులో ఆయన రాళ్ళేరిన చెక్క చుట్టూ ఆయన సొంత తమ్ముడి కొడుకులు అప్పుడే హద్దులు కొలుచుకుంటున్నారు. పల్లెలో ఎవరికీ తెలియని సంగతి కాదు. నేను గొంతు తగ్గించకుండా, ఆయన మొహంలోకి చూస్తూ చదివాను.

సగంలో ఉండగా బాట మీద బండి చప్పుడైంది. ఊరి ఆసామి ఎడ్లబండి. పల్లెలో సగం మంది ఆయన చేలల్లోనే పనిచేసేవాళ్ళు. ఆయన బండి వస్తే అరుగుల మీదున్నవాళ్ళు లేచి, భుజం మీది తుండు తీసి చేతబట్టుకోవాలి. అది మా తాతల నాటి నుంచీ ఉన్న మర్యాద. లేవకపోతే ఏమవుతుందో చూసినవాళ్ళు లేరు, ఎందుకంటే లేవనివాళ్ళు లేరు.

బండి మా ముందు ఆగింది. ఆసామి కాసేపు చూసి నవ్వాడు. "ఏందిరా, ముసలోళ్ళంతా ఈ పిల్ల ముందు కూచున్నారు? ఓనమాలు దిద్దిస్తందా?" అన్నాడు. బండి తోలేవాడు కూడా పళ్ళికిలించాడు.

నేను చదవడం ఆపాను. వీళ్ళిప్పుడు లేస్తారు, లేచాక మళ్ళీ కూర్చోరు, తరగతి ఇంతటితో సరి అనుకున్నాను. అరుగు చివర ఒకతను అప్పటికే తుండు మీద చెయ్యి వేశాడు. అతని మోకాళ్ళు కదులుతున్నాయి. పెదనాయన పక్కకు చెయ్యి చాపి అతని తొడ మీద ఆనించాడు. తాను మాత్రం కూర్చున్నచోటనే తుండు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పాఠం జరగతా ఉందయ్యా. మధ్యలో లేవకూడదు" అన్నాడు.

గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ఆసామి నవ్వు అక్కడే ఆగింది. నా వైపు చూశాడు, కిటికీలో కిక్కిరిసిన ఆడవాళ్ళ వైపు చూశాడు, ఎడ్లను అదిలించమన్నాడు. బండి కదిలింది. అప్పుడు పెదనాయన ఒకసారి దగ్గాడు. నేను ఆపిన ముక్క మళ్ళీ మొదటి నుంచి చదివాను.

ఆ వారం ఆసామి పెదనాయనను, ఆయన ఇంట్లోవాళ్ళను పనికి పిలవలేదు. తరువాతి వారమూ పిలవలేదు. నాకు భయం వేసింది. ఈ పిల్ల వల్లే అంటాడని, తరగతికే రాడని అనుకున్నాను. పెదనాయన అందరికన్నా ముందే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నేను పీట వేసుకుని పుస్తకం తెరవకముందే నా మొహంలోకి చూసి అడిగాడు.

"ఏమే అమ్మాయ్. ఆడపిల్లలకి భూమి ఇచ్చారన్నావు. ఇచ్చి ఊరుకున్నారా, ఆనకేదన్నా మెలిక పెట్టారా?"

ఉంది మెలిక. బైబిల్లో ఆ కథ ఉన్న కాండం చివర్లో ఉంది. బంధువులు వచ్చి, వీళ్ళు పరాయివాళ్ళను చేసుకుంటే మా గోత్రం భూమి పోతుంది కదా అని గోలపెడితే, ఆ ఆడపిల్లలు తండ్రి గోత్రంలోవాళ్ళనే పెళ్ళాడాలని కట్టడి చేస్తారు. హాస్టల్లో ఆ అధ్యాయం మీద నేను మా టీచరమ్మతో పోట్లాడి, బయట నిలబడ్డాను. నాకది ఇప్పటికీ గిట్టదు. లేదు పెదనాయనా, ఇచ్చి ఊరుకున్నారు అంటే సరిపోయేది. అక్కడున్నవాళ్ళలో ఎవరూ పేజీలు తిరగేసి నన్ను పట్టుకోలేరు. కానీ వాళ్ళు నా మొహం చూస్తూ వింటున్న రోజున అబద్ధం చెప్పడానికా నేను ఎండలోకొచ్చి కూర్చుంది? పేజీ తీసి, ఒక్క మాట మింగకుండా చదివాను.

అరుగు మీద ఇంకొకతను, అట్టయితే ఇచ్చినట్టేంది, ఒక చేత్తో ఇచ్చి ఒక చేత్తో లాక్కున్నట్టేగా అన్నాడు. నేనూ అదే అంటానన్నాను. కాదు, భూమి ముక్కలవకుండా చూసుకోవాలి కదా అని మరొకతను అందుకున్నాడు. కిటికీలోంచి ఒక ఆడమనిషి, ముక్కలయితే మాకేగా దక్కేది అంది. ఎవరూ నాయనమ్మను మధ్యలో పెట్టలేదు. ఆమె కాసేపు అటూ ఇటూ చూసి, తన పని పోయిందని గొణుక్కుని గడప మీదే ఒరిగింది. గొడ్లు ఇళ్ళకొచ్చే వేళ దాకా వాదించుకున్నాం. నా జీవితంలో నేను నిజంగా పాఠం చెప్పిన మొదటి రోజు అదే.

ఆయన ఆ భూమి కూతుళ్ళకిచ్చాడా అని ఈ సంగతి విన్నవాళ్ళు అడుగుతారు. సగం ఇచ్చాడు. ఆ సగానికే తమ్ముడి కొడుకులు ఆయనతో మాటలు మానేశారు.

నెల తిరిగి అయ్యగారు వచ్చారు. తరగతి పెద్దగారి చేతికి అప్పగించే రోజు. సైకిలు దిగి మమ్మల్ని చూసి నిలబడిపోయారు. బండ్లబాట పక్కన పీట మీద నేను, ఎదురుగా మగవాళ్ళు.

ఆయనకు నచ్చలేదు. ఇదేమిటమ్మా, బజార్లో కూర్చుని అన్నారు. పుస్తకం పెద్దగారికిచ్చి నువ్వు లోపలికి వెళ్ళమన్నారు. నేను లేవలేదు. పుస్తకం మూయలేదు. పాఠం సగంలో ఉంది అయ్యగారూ అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. పెద్దగారూ, మీరు తీసుకోండి అని చెయ్యి చూపించారు.

పెదనాయన కూర్చునే ఉన్నాడు.

"పరీక్ష నాడు మీకు అబద్ధం చెప్పాను అయ్యగారూ. మాకు చెప్పింది ఈ పిల్లే. నాకు గిట్టనిది నా మొహాన చదివింది. తనకు గిట్టనిది కూడా దాచకుండా చదివింది. అట్టాంటి మనిషి దగ్గర మేం నేర్చుకుంటాం. మీకు కోపమొస్తే రానీయండి."

అరుగు మీద ఎవరూ కాదనలేదు. అయ్యగారు ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి చివరికి నా దగ్గర ఆగారు. నీకిష్టమేనా అమ్మా అని అడిగారు. చదువు ఆపినప్పుడు, తరగతి ఇచ్చినప్పుడు, తీసేసినప్పుడు, సంబంధం మాట్లాడినప్పుడు ఎవరూ నన్ను అడగని మాట అది.

"ఇష్టమే అయ్యగారూ. కానీ ఇక్కడ కాదు. లోపల చెప్తాను. మగవాళ్ళ మూలలో, వాళ్ళకెదురుగా కూచుని" అన్నాను.

పల్లె మొత్తం చెవులొగ్గి వింటున్నట్టుంది. కిటికీలో అమ్మ మొహం కనబడింది. వద్దన్నట్టు తలాడించలేదు. మగవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అరుగు మీద అయితే గాలికి కూర్చున్నామని రేపు ఎవరికైనా చెప్పుకోవచ్చు. లోపల తమ మూలలో నా ముందు కూర్చుంటే ఇక చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. అది వాళ్ళకూ తెలుసు, నాకూ తెలుసు. తగ్గను గాక తగ్గనని పుస్తకం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

పెదనాయన అందరికన్నా ముందు లేచాడు. తుండు దులిపి భుజాన వేసుకుని, అయ్యగారి పక్కనుంచి, గడప దాటి లోపలికి వెళ్ళాడు. తన మూలలో నేల మీద కూర్చుని, నా పీటకు చోటు వదిలి, బయటికి కేకేశాడు.

"రా అమ్మాయ్. పొద్దు వాలతంది, మళ్ళీ మొదలుపెట్టు."